మీ రికార్డింగ్ కాపీల్లో ఏది ఎవరిదో తెలిసేలా గుర్తు పెట్టడం ఎలా

సినిమా కావచ్చు, పాటల ఆల్బమ్ కావచ్చు, డబ్బు కట్టి నేర్చుకునే క్లాసుల వీడియోలు కావచ్చు, విడుదలకి ముందే కొంతమందికి కాపీలు ఇవ్వక తప్పదు. ఎడిటింగ్ ఎలా ఉందో చెప్పమని ఒకరికి, సబ్‌టైటిల్స్ రాయమని ఇంకొకరికి, పోటీకి పంపే ముందు చూడమని మరొకరికి. ఇచ్చేటప్పుడు అందరూ మనవాళ్ళే. వాటిలో ఒకటి బయటపడిన రోజున అసలు కష్టం మొదలవుతుంది.

మాకు అదే జరిగింది. 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి తీసి, సౌండ్ మిక్సింగ్ పూర్తి కాకముందే అభిప్రాయం కోసం 14 మందికి పెన్ డ్రైవ్‌లలో ఇచ్చాం. మూడు వారాలకి అది ఆన్‌లైన్‌లో కనిపించింది, సగం మిక్సింగ్‌తోనే. 14 కాపీలూ అచ్చుగుద్దినట్టు ఒకే ఫైలు, కాబట్టి ఎవరి కాపీ బయటికి పోయిందో కనుక్కునే దారే లేదు. ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఒకరినొకరం అనుమానంగా చూసుకున్నాం. మా కెమెరామన్ ఒకరోజు ఫోన్ చేసి "నేనే అనుకుంటున్నావు కదా" అని నేరుగా అడిగితే, కాదు అని వెంటనే అనలేకపోయాను. అతను మళ్ళీ మాతో పని చేయలేదు. సినిమా బయటికి పోయినందుకంటే ఇందుకు ఎక్కువ బాధపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. ఒక్కో కాపీకీ విడి గుర్తు ఉండి ఉంటే మిగతా 13 మంది మీద అనుమానం పడేదే కాదు. గుర్తు పెట్టేది దొంగని పట్టుకోవడానికే అని చాలామంది అనుకుంటారు కానీ, తప్పు చేయనివాళ్ళని కాపాడడానికి దాని అవసరం ఇంకా ఎక్కువ. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా తెలుసుకోండి

గుర్తు రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి వస్తువు మీద, అంటే డిస్క్ మీదో పెన్ డ్రైవ్ మీదో. రెండోది లోపలున్న బొమ్మలోనో శబ్దంలోనో. వస్తువు మీద ఉన్న గుర్తు ఆ వస్తువు దొరికితేనే పనికొస్తుంది. లోపలి ఫైలుని ఎవరైనా కాపీ చేసుకుని అప్‌లోడ్ చేస్తే పైన మీరు రాసిన నంబర్ వాళ్ళ వెంట వెళ్ళదు. బొమ్మలో, శబ్దంలో కలిసిపోయిన గుర్తు మాత్రం ఎన్ని చేతులు మారినా వెంటే ఉంటుంది. రెండూ పెట్టండి, రెండింటి పనులూ వేరు.

ఇంకో అపోహ కూడా ఉంది. ఫ్యాక్టరీలో అచ్చేసిన సీడీ మధ్య రింగు దగ్గర చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి, అవే కాపీ నంబర్ అనుకుంటారు. వాటిలో ఐఎఫ్‌పీఐ అనే అక్షరాలతో మొదలయ్యేది 1994లో ఐఎఫ్‌పీఐ (రికార్డింగ్ కంపెనీల అంతర్జాతీయ సంఘం), ఫిలిప్స్ కలిసి తెచ్చిన ఎస్ఐడీ కోడ్, అంటే డిస్క్ ఎక్కడ తయారైందో చెప్పే గుర్తు. ఏ యంత్రం మీద మాస్టర్ తయారైంది, ఏ అచ్చులో డిస్క్ పోశారు అన్నది దాన్ని బట్టి తెలుస్తుంది. ఒకే అచ్చులో వచ్చిన వేల డిస్కుల మీద అదే ఉంటుంది కాబట్టి ఏది ఎవరికి ఇచ్చిందో దానివల్ల తెలియదు. విడివిడి డిస్కులకి నంబర్ వేసే పద్ధతి వేరే ఉంది. డీవీడీ లోపలి అంచున బర్స్ట్ కటింగ్ ఏరియా అనే సన్నటి పట్టీలో, డిస్క్ తయారైపోయాక లేజర్‌తో బార్‌కోడ్ లాంటి గీతలు వేస్తారు, 188 బైట్ల దాకా పడుతుంది. కానీ దానికి ఫ్యాక్టరీలో యంత్రం కావాలి. ఇరవై ముప్పై కాపీలు ఇచ్చే మనకి చేత్తో చేసుకునే పని చాలు.

మొదటి పని: రిజిస్టర్

కాపీ చేయడానికి ముందే దీన్ని మొదలుపెట్టండి. ఒక పుస్తకమైనా సరే, స్ప్రెడ్‌షీట్ అయినా సరే. కాపీ కోడ్, ఎవరికి, ఏ తేదీన, ఎలా చేరింది (చేతికిచ్చారా, లింక్ పంపారా), ఏ వెర్షన్, తిరిగి వచ్చిందా లేదా. ఇంతే. కానీ ప్రతి కాపీకీ ఆ రోజే రాయాలి. రేపు రాద్దాంలే అనుకుంటే మూడో కాపీ దగ్గరే తప్పు పోతుంది, అందులో తప్పుంటే ఆ తర్వాత మీరు పెట్టిన ఏ గుర్తునీ నమ్మడానికి లేదు.

కోడ్ విషయంలో కొంచెం ఆలోచించాలి. 1, 2, 3 అని వరసగా ఇవ్వకండి. ఆరో నంబర్ తనదని తెలిసినవాడికి ఏడో నంబర్ ఉందని కూడా తెలుస్తుంది, 6ని 7గా దిద్దేస్తే నింద ఇంకొకరి మీద పడుతుంది. నాలుగంకెల కోడ్ ఏ క్రమం లేకుండా తీసుకోండి, పైగా ఏ రెండు కోడ్‌ల మధ్యా కనీసం రెండు అంకెలైనా తేడా ఉండేలా చూడండి. అప్పుడు ఒక అంకె చెరిగిపోయినా, ఎవరైనా తప్పు చదివినా అది ఇంకొకరి కోడ్ అయిపోదు. డిస్క్ మీద రాసేవాళ్ళకి ఇంకో మాట: డిస్క్ గుండ్రంగా ఉంటుంది, దానికి పైనా కిందా లేదు, 6 తిప్పితే 9 అవుతుంది. ఆ రెండు అంకెలనీ వదిలేయడమే మేలు, లేదా కోడ్ కింద గీత గీయండి.

ఫైలు తయారయ్యాక దాని హ్యాష్ తీసి రిజిస్టర్‌లో రాసుకోండి. ఎస్‌హెచ్ఏ-256 అనేది ఏ ఫైలుకైనా 64 అక్షరాల వేలిముద్ర లాంటిది ఇస్తుంది, ఫైలులో ఒక్క బిట్ మారినా అది పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్, మ్యాక్‌లో షాసమ్ అనే కమాండ్లు దీన్ని ఇస్తాయి. అయితే దీని హద్దు తెలుసుకోండి. మీరిచ్చిన ఫైలు ఉన్నదున్నట్టు బయటపడితేనే హ్యాష్ కలుస్తుంది. ఎవరైనా సైజు తగ్గించినా, ఫోన్లో తీసినా, వీడియో సైట్‌లో పెట్టినా కలవదు.

వస్తువు మీద గుర్తు

సీడీ మీద రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, కానీ డేటా ఉండే పొర కింద వైపు కాదు, లేబుల్ వైపే, పైన పల్చటి లక్క పూత కిందే ఉంటుంది. బాల్‌పెన్‌తో గట్టిగా రాసినా, సూదితో గీకినా నేరుగా డేటాకి దెబ్బ. డీవీడీలో అలా కాదు, 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి మధ్యలో డేటా ఉంచుతారు. అయినా రెండింటికీ ఒకే పద్ధతి పాటించడం సులువు: నీటి ఆధారిత మార్కర్‌తో, మధ్య రంధ్రం చుట్టూ పారదర్శకంగా ఉండే రింగు మీద రాయండి, అక్కడ డేటా ఉండదు. కాగితం స్టిక్కర్లు అంటించకండి. కాస్త పక్కకి జరిగి అంటినా డిస్క్ వేగంగా తిరిగేటప్పుడు ఊగుతుంది, పైగా పీకేస్తే మీ గుర్తు కూడా పోతుంది.

పెన్ డ్రైవ్‌లకి లోహపు కవచం ఉన్నవి తీసుకుంటే చిన్న ఎన్‌గ్రేవింగ్ పెన్‌తో కోడ్ చెక్కొచ్చు. డ్రైవ్ పేరు కూడా ఆ కోడ్‌తోనే పెట్టండి, పెన్ డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 11 అక్షరాల దాకా పడుతుంది. దాన్ని ఎవరైనా క్షణంలో మార్చగలరు, కానీ దాని పని వేరు. కాపీలు చేసే రోజు బల్ల మీద ఇరవై డ్రైవ్‌లు ఒకేలా పడి ఉన్నప్పుడు ఏది ఎవరికి వెళ్ళాలో తికమక పడకుండా ఉంటారు. ఇచ్చే ముందు ప్రతి వస్తువునీ కోడ్ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి.

కంటికి కనిపించే గుర్తు

బొమ్మ మీద పేరు పడేలా చేయడం అన్నిటికంటే తేలిక, దీని బలం కూడా తక్కువేమీ కాదు. తన పేరు తెర మీద కనిపిస్తూ ఉంటే ఎవరూ దాన్ని ఇంకొకరికి ఇవ్వరు, పక్కింటివాళ్ళకి కూడా చూపించరు. డావిన్చీ రిజాల్వ్‌లో డేటా బర్న్-ఇన్ అని ఉంటుంది, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాడేవాళ్ళకి డ్రాటెక్స్ట్ ఫిల్టర్ ఉంది, మిగతా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో మామూలు టైటిల్ లేయర్ చాలు.

మూలన పెట్టకండి. మూలన ఉన్నదాన్ని ఎవరైనా క్రాప్ చేస్తారు, లేదా దాని మీద ఇంకో లోగో వేసేస్తారు. నేనైతే మధ్యకి దగ్గరగా, బాగా పల్చగా, ప్రతి రెండు మూడు నిమిషాలకీ చోటు మారేలా పెడతాను. ఒకసారి ముఖం పక్కన, ఒకసారి గోడ మీద, ఒకసారి ఆకాశంలో. ఎప్పుడూ ఒకే చోట ఉంటే చూసేవాళ్ళకి చిరాకు, తీసేసేవాళ్ళకి సులువు. చూడాల్సిన మనిషి మీ ఎడిటింగ్ గురించి ఆలోచించాలి కదా, అక్షరాల గురించి కాదు, కాబట్టి అతిగా వద్దు. రంగుల పని, విజువల్ ఎఫెక్ట్స్ పని చేసేవాళ్ళకి ఇచ్చే కాపీలో ఇది అసలు కుదరదు, వాళ్ళకి శుభ్రమైన బొమ్మ కావాలి. అలాంటి కాపీలకి తర్వాత చెప్పే దాచిన గుర్తు తప్పనిసరి.

సబ్‌టైటిల్ ట్రాక్‌లో కోడ్ పెట్టి గుర్తు పెట్టామనుకునేవాళ్ళని చూశాను. ఒక్క క్లిక్‌తో ఆ ట్రాక్ పోతుంది. ఫైలు ప్రాపర్టీస్‌లో, మెటాడేటాలో రాసేది కూడా అంతే. వాట్సాప్‌లో మామూలుగా పంపినా వీడియో మళ్ళీ కంప్రెస్ అవుతుంది, మీరు రాసిన కామెంట్ అక్కడితో సరి. రాసుకోండి, నష్టం లేదు, కానీ దాన్ని నమ్ముకుని ఉండకండి.

దాచిన గుర్తు

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, మొత్తం పనిలో గుండెకాయ ఇదే.

ఆలోచన చాలా సింపుల్. మీ సినిమాలో కొన్ని చోట్లు ఎంచుకోండి. ఒక్కో చోటికీ రెండు రకాలు తయారు చేయండి, ఎ రకం, బి రకం. రెండూ చూడడానికి ఒకేలా ఉండాలి, రెండింట్లో ఏది చూసినా మీకు సంతృప్తిగా ఉండాలి, కానీ పక్కపక్కన పెట్టి కొలిస్తే తేడా తెలియాలి. ఒక్కో మనిషికీ ఈ ఎ, బిల వరస వేరేగా ఇస్తారు. ఒక చోటుతో ఇద్దరిని వేరు చేయొచ్చు, రెండు చోట్లతో నలుగురిని, ఐదు చోట్లతో 32 మందిని, పది చోట్లతో 1,024 మందిని. పెద్ద పెద్ద సంస్థలు వాడే ఖరీదైన ఫోరెన్సిక్ వాటర్‌మార్కింగ్‌లో కూడా ఒక ముఖ్యమైన పద్ధతి ఇదే, వీడియోని చిన్న చిన్న ముక్కలు చేసి ప్రతి ముక్కకీ రెండు వెర్షన్లు ఉంచుకుని చూసే ఒక్కొక్కరికీ వేరే వరసలో పంపుతారు.

మరి ఎ, బిల మధ్య తేడా ఏం ఉండాలి? కంప్రెస్ చేసినా, క్రాప్ చేసినా, అద్దంలో చూసినట్టు తిప్పేసినా, థియేటర్‌లో ఫోన్‌తో తీసినా పోకుండా మిగిలేది ఒకటుంది, సమయం. ఒక షాట్ ఎంతసేపు ఉంది అన్నది మారదు. అందుకే నేను కట్‌లనే వాడతాను. రెండు షాట్ల మధ్య కట్‌ని నాలుగు ఫ్రేములు ముందుకో వెనక్కో జరపండి, ఎడిటర్లు దీన్ని రోలింగ్ ఎడిట్ అంటారు. మొదటి షాట్ నాలుగు ఫ్రేములు పెరుగుతుంది, రెండోది నాలుగు తగ్గుతుంది, మొత్తం నిడివి మారదు, శబ్దం కదలదు, పెదాల కదలిక చెడదు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన ఒక ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు, నాలుగు ఫ్రేములంటే సెకనులో ఆరో వంతు. ఒక్క ఫ్రేము తేడా పెడితే సరిపోదా అంటే, వీడియో 25కో 30కో మారినప్పుడు ఆ ఒక్క ఫ్రేము ఎటుపోయిందో చెప్పలేం. నాలుగు ఉంటే ధైర్యంగా చెప్పొచ్చు. ఎవరైనా చెయ్యి కదిపే మధ్యలోనో, మాట మధ్యలోనో ఉన్న కట్ జోలికి వెళ్ళకండి. ఖాళీ వీధి, కిటికీ, దూరం నుంచి తీసిన షాట్ లాంటి తొందర లేని చోట్లు వెతకండి.

కట్‌లు కాకుండా ఇంకా ఉన్నాయి. ఫేడ్ (బొమ్మ మెల్లగా చీకటైపోవడం) 12 ఫ్రేములా 18 ఫ్రేములా అన్నది. వెనక ఎక్కడో తలుపు మూసిన శబ్దం కాస్త ముందా వెనకా. చివరి టైటిల్స్‌లో ఇద్దరు సహాయకుల పేర్ల వరస (దీన్ని మొదటే తీసేస్తారు, అయినా పెట్టండి). వెలుగు కొంచెం పెంచడం, రంగు కొంచెం మార్చడం మాత్రం నమ్మకండి, ప్రతి టీవీ, ప్రతి ఫోన్ రంగుని తనకి నచ్చినట్టు చూపిస్తుంది.

వరసలు ఎలా ఇవ్వాలి? 20 మందికి ఐదు చోట్లు చాలు కదా అని ఐదే పెట్టకండి. బయటపడిన కాపీలో ఒక చోటు సరిగ్గా కనిపించకపోతే మీ లెక్క ఇంకో అమాయకుడి మీదకి పోతుంది. 12 చోట్లు తీసుకోండి. ఒక నాణెం తీసుకుని 12 సార్లు ఎగరేసి, బొమ్మ పడితే ఎ, బొరుసు పడితే బి అని రాసుకోండి, ఉదాహరణకి ఎబిబిఎ ఎఎబిఎ బిబిఎబి. రెండో మనిషికి మళ్ళీ 12 సార్లు. ప్రతి కొత్త వరసనీ పాతవాటన్నిటితో పోల్చి, ఏ ఒక్కదానితోనైనా నాలుగు కంటే తక్కువ చోట్ల తేడా వస్తే దాన్ని పారేసి ఇంకోటి ఎగరేయండి. 20 మంది దాకా ఇలా ఓ సాయంత్రంలో అయిపోతుంది. ఏ ఇద్దరి మధ్యా కనీసం నాలుగు తేడాలుంటే, మూడు చోట్లు అసలు చదవలేకపోయినా మిగిలిన తొమ్మిదితో మనిషి ఖాయంగా తెలుస్తాడు.

ఇందులో ఒక లోటుంది. మొత్తం సినిమా బయటపడితే సరే, మూడు నిమిషాల ముక్కే బయటపడితే? 22 నిమిషాల్లో 12 చోట్లంటే మూడు నిమిషాల ముక్కలో ఒకటో రెండో వస్తాయి, దాంతో ఏమీ తేలదు. అందుకే వీలైతే ఆ 12నీ మొదటి సగంలో ఒకసారి, రెండో సగంలో ఇంకోసారి పెట్టండి, జనం ఎక్కువగా పంచుకుంటారనిపించే సీన్లలో కట్‌లు దట్టంగా వాడండి. డిజిటల్ సినిమా కోసం హాలీవుడ్ స్టూడియోలు కలిసి రాయించిన డీసీఐ నిబంధనల్లో ఈ సంగతి బాగా కనిపిస్తుంది. థియేటర్ సర్వర్ ప్రదర్శన జరుగుతుండగానే బొమ్మలో, శబ్దంలో 35 బిట్ల గుర్తు కలపాలి, అందులో 16 బిట్లు సమయానికి, 19 బిట్లు ఏ థియేటర్ పరికరం అన్నదానికి. 19 బిట్లంటే 5,24,288 పరికరాలు. ఆ 35 బిట్లూ ప్రతి ఐదు నిమిషాల ముక్కలోనూ పూర్తిగా ఉండాలని రాశారు, ఎవరు ఏ ఐదు నిమిషాలు ఫోన్లో తీసినా ఎక్కడ, ఎప్పుడు తీశారో తెలియాలని.

పాటలు, మాటల రికార్డింగులు ఇచ్చేవాళ్ళకి కూడా ఇదే సూత్రం. మాటలైతే రెండు వాక్యాల మధ్య నిశ్శబ్దం 0.2 సెకన్లు ఎక్కువో తక్కువో చేయండి, ఎంత నాసిరకం ఎంపీ3 చేసినా అది పోదు. సంగీతంలో సమయాన్ని ముట్టుకోకూడదు, లయ తప్పుతుంది. అక్కడ మిక్సింగ్‌లోనే రెండు రకాలు ఉంచుకోవాలి: ఒక చరణం చివర డ్రమ్స్‌లోని సింబల్ (ఇత్తడి తాళం) మోత పూర్తిగా వదిలారా, కొంచెం ముందే తగ్గించారా, నాలుగో బార్‌లో షేకర్ ఉందా లేదా అన్నట్టు. ప్రతి శాంపిల్‌లో (డిజిటల్ శబ్దంలో ఒక్కో చిన్న కొలత) చివరి బిట్‌ని మార్చి కోడ్ దాచే చిన్న సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి, వాటి జోలికి వెళ్ళొద్దు. ఎంపీ3గా మార్చిన మరుక్షణం ఆ బిట్లన్నీ గల్లంతు. పాట మొదట్లో ఉండే ఖాళీని కూడా లెక్కలోకి తీసుకోకండి, దాన్ని కత్తిరించేవాళ్ళే ఎక్కువ.

ఇద్దరు కలిసి తమ కాపీలు పోల్చుకుంటే? తేడాలున్న చోట్లు వాళ్ళకి తెలిసిపోతాయి, అక్కడ ఒకటి నీది ఒకటి నాది అని కలిపి మూడో కాపీ తయారు చేస్తారు. కానీ ఇద్దరికీ ఒకే రకం ఉన్న చోట్లు వాళ్ళ కంటికి పడవు, అవి మారకుండా అలాగే ఉండిపోతాయి. కాబట్టి బయటపడిన వరస ఎవరితోనూ పూర్తిగా కలవకపోతే, ఆ వరసలోని ప్రతి చోటూ ఇద్దరిలో ఒకరితోనైనా కలిసే జంట ఎవరా అని వెతకాలి. 12 చోట్లతో అలాంటి జంటలు చాలా వస్తాయి, దాని మీద ఎవరినీ తప్పుపట్టలేం. దీని గణితం మీద బోనే, షా అనే ఇద్దరు 1995లో, టార్డోష్ 2003లో చేసిన పని చాలా ప్రసిద్ధం. సారాంశం ఏంటంటే, కలిసే దొంగల సంఖ్య పెరిగేకొద్దీ కావలసిన చోట్లు ఆ సంఖ్య వర్గం లెక్కన పెరుగుతాయి, ఇద్దరి బదులు నలుగురు కలుస్తారని భయపడితే నాలుగింతలు. చిన్న సినిమాకి అంత అక్కర్లేదు. వరస ఎవరితోనూ కలవడం లేదంటే తేలలేదు అని ఒప్పుకుని ఆగిపోండి.

కాపీలు తయారు చేసే రోజు

ఒక్కరే చేయండి, ఒకే రోజు చేయండి, మధ్యలో ఫోన్లు ఎత్తకండి. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో ఆ 12 చోట్లకీ మార్కర్లు పెట్టి, మాస్టర్‌ని డూప్లికేట్ చేసి, ఆ మనిషి వరస ప్రకారం కట్‌లు జరిపి, కోడ్‌నే ఫైలు పేరుగా పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. తర్వాత ఆ ఫైలుని తెరిచి 12 చోట్లూ మళ్ళీ చూసి రిజిస్టర్‌లో టిక్ పెట్టండి. విసుగ్గానే ఉంటుంది. 22 నిమిషాల సినిమాకి ఒక్కో కాపీకి నాకు ఇరవై నిమిషాలు దాకా పడుతుంది. కానీ ఒకరి వరస ఇంకొకరి పెన్ డ్రైవ్‌లోకి వెళ్ళిందంటే, అసలు గుర్తే పెట్టకపోవడం కంటే ఘోరం, ఏమీ ఎరగని మనిషిని మీ చేతులతో మీరే ఇరికించినట్టు. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాక అక్కడి నుంచే ఇంకోసారి హ్యాష్ తీసి పోల్చండి.

పంచే ముందు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. ఏదో ఒక కాపీని టీవీలో పెట్టి ఫోన్‌తో వంకరగా తీయండి, దాన్ని రెండుసార్లు కంప్రెస్ చేయండి, కోడ్ చెప్పకుండా ఇంకొకరికి ఇచ్చి కనుక్కోమనండి. వాళ్ళు చెప్పలేకపోతే మీ తేడాలు మరీ చిన్నవి. మా మొదటి ప్రయత్నంలో రెండు ఫ్రేముల తేడా పెట్టాం, 12లో ఐదు చోట్లు చదవలేకపోయాం, అప్పుడే నాలుగుకి మార్చాం. కొలిచేటప్పుడు ముందు మొత్తం వేగం చూసుకోవాలి. 24 ఫ్రేముల సినిమాని 25కి మారిస్తే అంతా నాలుగు శాతం వేగంగా నడుస్తుంది, మూడు సెకన్ల షాట్ కూడా దాదాపు మూడు ఫ్రేములు కుదించుకుపోతుంది, దాన్ని మీ గుర్తు అనుకునే ప్రమాదం ఉంది. గుర్తు లేని రెండు పొడవైన షాట్‌లని ముందు కొలిచి, వేగం సరిచేసుకుని, ఆ తర్వాతే గుర్తులు చదవండి.

ఇచ్చేటప్పుడు చెప్పండి

కాపీకి గుర్తు ఉందని తీసుకునేవాళ్ళకి చెప్పాలి. ఎక్కడుందో చెప్పక్కర్లేదు, ఉందని చెప్తే చాలు. చెప్పకుండా పెడితే తర్వాత తెలిసినప్పుడు నమ్మకం పోతుంది. కలర్ లేజర్ ప్రింటర్లు చాలావాటిలో ప్రతి కాగితం మీదా కంటికి కనిపించని పసుపు చుక్కలు పడతాయి, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2005లో ఒక మోడల్ చుక్కలని చదివి చూపిస్తే వాటిలో తేదీ, సమయం, ప్రింటర్ సీరియల్ నంబర్ ఉన్నాయి. కొన్నవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. మనవాళ్ళ దగ్గర మనం అలా చేయకూడదు.

మా మెసేజ్ ఇలా ఉంటుంది: "ఈ కాపీ మీ ఒక్కరి కోసం తయారు చేసింది, ఇందులో గుర్తు ఉంది. పోయినా, ఎవరైనా తీసుకున్నా వెంటనే చెప్పండి, ఏమీ అనుకోం." చివరి మాట ముఖ్యం. పెన్ డ్రైవ్ పోయిందని భయపడి దాచేవాళ్ళు ఉంటారు. దాచిన గుర్తులో ఫోన్ నంబర్లు, ఈమెయిల్‌లు కలపకండి, కోడ్ మాత్రమే. మనిషికీ కోడ్‌కీ లంకె మీ రిజిస్టర్‌లోనే ఉండాలి, ఆ రిజిస్టర్ మాస్టర్ ఫైలు ఉన్న కంప్యూటర్లో కాకుండా వేరే చోట ఉండాలి.

బయటపడితే

ముందు ఆ ఫైలుని ఉన్నదున్నట్టు దించి దాచుకోండి, లింక్, తేదీ, సమయం రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. అప్పుడు తొలగించమని కోరండి. వరసని మీరొక్కరే చదవకండి. మీకు ముందే ఎవరి మీదో అనుమానం ఉంటుంది, అస్పష్టంగా ఉన్న చోట కన్ను అటే లాగుతుంది. ఇద్దరు విడివిడిగా, రిజిస్టర్ చూడకుండా చదివి కాగితం మీద రాయాలి. రెండు కాగితాలూ కలిశాకే రిజిస్టర్ తెరవండి.

పేరు దొరికాక కూడా ఆగండి. గుర్తు ఎవరి కాపీయో చెప్తుంది, ఎవరు బయటపెట్టారో చెప్పదు. 2004లో ఆస్కార్ ఓట్ల కోసం పంపిన స్క్రీనర్ టేపులు (సినిమా చూసి ఓటేయమని ఇచ్చే కాపీలు) ఆన్‌లైన్‌లో కనిపిస్తే, వాటిలో ఉన్న గుర్తుల ద్వారా ఆస్కార్లు ఇచ్చే అకాడమీ సభ్యుడొకరి దాకా వెళ్ళారు. ఆయన తన టేపులని ఇంకొకరికి ఇచ్చాడు, కాపీలు తీసింది ఆ రెండో మనిషి. సభ్యుడిది కూడా తప్పే, అకాడమీ ఆయన్ని తొలగించింది, కానీ అసలు జరిగిందేంటో గుర్తు ఒక్కదానితో తేలలేదు, అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. మీరూ అడగండి. గ్రూప్‌లో కాదు, విడిగా, ఫోన్ చేసి. "మీ కాపీ ఇప్పుడు ఎక్కడుంది, ఎవరెవరి చేతికి వెళ్ళింది" అని అడిగితే చాలాసార్లు అవతలివాళ్ళకే అప్పుడు గుర్తొస్తుంది, రిపేర్‌కి ఇచ్చిన ల్యాప్‌టాప్ గురించో, ఇంట్లో ఎవరో అడిగితే ఇచ్చిన పెన్ డ్రైవ్ గురించో.

అదే రోజు మిగతావాళ్ళందరికీ కూడా మెసేజ్ పెట్టండి, బయటపడింది మీ కాపీ కాదు అని, ఒక్కొక్కరికీ విడిగా. పేరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మేము తీసిన సినిమాకి 16 కాపీలు ఇచ్చాం. వాటిలో ఏదైనా బయటపడితే పంపడానికి ఆ మెసేజ్ ముందే రాసి రిజిస్టర్ మొదటి పేజీలో పెట్టుకున్నాను.